ఒకటిన్నర పెట్టె మాస్కులు

బ్యాంకాక్‌కు చాలా ఉత్తరాన, కొండల్లో ఉన్న మా నాఖమ్ ఊళ్లో తెల్లవారి ఆరింటికి మైకు మోగుతుంది. ముందు రెండు పాటలు, ఆ తర్వాత ఊరిపెద్ద ఇన్‌సోమ్ గొంతు. ఎవరి గేదె ఎవరి తోటలో పడిందో, కరెంటు ఏ పూట పోతుందో, బౌద్ధ విహారంలో భోజనాలు ఏ రోజో ఆయన చెబుతాడు. అప్పట్లో మంగళవారం, శుక్రవారం మాత్రం మైకు చన్‌ఫోంగ్ అక్కది. ఆరోగ్యం సంగతులు ఆమె చదివేది.

కరోనా వచ్చేనాటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. భర్త పోయాక కుట్టుమిషను మీద బతుకుతూ, ఇరవై రెండేళ్లుగా ఊరి ఆరోగ్య సేవకురాలిగా తిరుగుతోంది. ముసలివాళ్లకు బీపీ చూడడం, నీళ్ల జాడీల్లో దోమపిల్లలున్నాయేమోనని టార్చి వేసి వెతకడం, మందులు మానేసినవాళ్లను తిట్టడం ఆమె పని. నా నూడుల్స్ కొట్టు ఆమె ఇంటికి సరిగ్గా ఎదురు. ఆమె జీవితంలో నాకు తెలియనిది చాలా తక్కువ.

ఊరంతా ఆమెను లోపలికి రానిచ్చేది, ఒక్క సేంగ్ మామ తప్ప. దానికి కారణముంది. బర్డ్ ఫ్లూ వచ్చిన ఏడాది, కోళ్లకు వచ్చింది మామూలు తెగులేనని, భయపడవద్దని ఒక కాగితం వస్తే అక్క దాన్ని మైకులో చదివింది. ఆ వారమే నాలుగు వందల బాతుల్ని అమ్మేద్దామనుకున్న సేంగ్ మామ, ఆమె మాట విని ఆగిపోయాడు. పన్నెండు రోజుల తర్వాత తెల్లబట్టల మనుషులు వచ్చి బాతులన్నిటినీ గోతిలో పూడ్చారు. ఆయన గొడవ పడలేదు. "చదివింది నువ్వేగా అమ్మాయ్," అని ఒక్కమాట అని ఊరుకున్నాడు. ఆ తర్వాత పదహారేళ్లు, ఆమె టార్చి పట్టుకుని వస్తే గేటు వేసుకునేవాడు.

కరోనా మాట మా కొట్టులో మొదట విన్నది జనవరి చివర్లో. ఫిబ్రవరి దాటేసరికి ఇంకో మాట లేదు. పైగా అది మా కొండల్లో పొగ కమ్మే కాలం. అడవులు తగలబడతాయి, ఆకాశం బూడిదరంగుకు తిరుగుతుంది, ఊరు ఊరంతా దగ్గుతుంది. మామూలుగా అయితే ఎవరూ పట్టించుకోని దగ్గుకు ఆ ఏడాది పక్క బల్లవాళ్లు గిన్నె పట్టుకుని లేచిపోయేవాళ్లు.

"టీవీలో అన్నీ సిద్ధం అంటున్నారు," అంది ఫాన్ అవ్వ ఒకరోజు, పులుసు చల్లారబెట్టుకుంటూ. "నిన్న పట్నంలో నాలుగు మందుల షాపులు తిరిగా. మాస్కు అంటే నవ్వుతున్నారు."

"సిద్ధంగానే ఉన్నారవ్వా," అన్నాడు సారా కాచే తూన్. "మనకు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు."

"నువ్వు మాట్లాడకు. చేతులకు పోసుకోమని సారా ఇస్తే నోట్లో పోసుకునే మనిషివి."

"లోపల కూడా కడగాలి కదవ్వా."

అందరూ నవ్వారు. ఆ నవ్వు తగ్గగానే అందరి కళ్లూ మూలన కూర్చున్న చన్‌ఫోంగ్ అక్క మీదికి పోయాయి. "నువ్వు చెప్పు," అన్నాడు తూన్. "ఇక్కడ ఎవరికైనా వస్తే మన ఆరోగ్య కేంద్రం చూసుకోగలదా?" నాకు తెలియదు అంది అక్క. ఆ రోజుల్లో రోజుకు పది మంది అదే అడిగేవాళ్లు. ఆమె అదే జవాబు చెప్పేది. చెప్పినప్పుడల్లా మొహం చిన్నబోయేది.

మార్చి మొదటి గురువారం ఇన్‌సోమ్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ముద్ర ఉన్న కాగితం. అన్ని ఆరోగ్య కేంద్రాలూ పూర్తి సన్నద్ధతతో ఉన్నాయని, ప్రజలు పుకార్లు నమ్మవద్దని దాని సారం.

"రేపు చదివెయ్ చెల్లెమ్మా. నాలుగు ముక్కలే."

అక్క దాన్ని రెండుసార్లు చదివింది. "చూసి వచ్చి చదువుతానన్నా."

"ఏం చూస్తావు? రాసే ఉందిగా."

"రాసిందే కదా అప్పుడూ చదివాను."

ఇన్‌సోమ్‌కు అర్థమైంది. తల గోక్కుని, నీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

ఆరోగ్య కేంద్రం మా ఊరికి రెండు కిలోమీటర్లు. నాలుగు ఊళ్లకు అదొక్కటే. అక్కడి అధికారి కంపోన్ ముప్పై నాలుగేళ్ల కుర్రవాడు. అసలు డాక్టరు కాదు, కానీ మేమందరం డాక్టరనే పిలుస్తాం. అక్క సైకిలు దిగి, కాగితం బల్లమీద పెట్టి, "ఇది చదవమన్నారు. నీ బీరువా ఒకసారి తెరువు నాయనా," అంది.

అతను గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడట. తర్వాత తాళం తీశాడు. మాస్కుల పెట్టె ఒకటి సీలుతో ఉంది, ఇంకొకటి సగం ఖాళీ. ఒంటిమీద వేసుకునే గౌనులు ఆరు, వాటిలో నాలుగింటికి గడువు దాటింది. నుదుటి దగ్గర పెట్టి జ్వరం చూసే మిషను ఒకటి, అది ఒకసారి పనిచేసి రెండుసార్లు మానేస్తోంది. చేతి తొడుగులు మాత్రం గుట్టలున్నాయి.

"ఇంతేనా?"

"మూడుసార్లు రాశాను పిన్నీ. వస్తాయంటున్నారు. వాళ్లకూ లేవనుకుంటా."

"మరి నువ్వేం వేసుకుంటావు?"

"ఒకటే మాస్కు రెండు రోజులు. సాయంత్రం ఎండలో పెడతాను." అతను బీరువా మూసి, తాళంచెవి చేతిలో తిప్పుతూ, "మీరు చదవకపోతే నేనేమీ అనను. చదివినా అనను. మా ఇంట్లో చంటిపిల్ల ఉంది, నేను చెప్పగలిగింది అంతే," అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె నా కొట్టులో కూర్చుని తినకుండా గిన్నెలో చెంచా తిప్పింది. చదవడం మానెయ్యక్కా, ఒంట్లో బాగాలేదని చెప్పు అన్నాను. "నేను చదవకపోతే ఇన్‌సోమ్ అన్న చదువుతాడు," అంది.

శుక్రవారం పొద్దున పాటలు అయిపోయాయి. అక్క ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా చదివింది. తర్వాత మైకు ఆపలేదు.

"ఇది పైనుంచి వచ్చిన కాగితం. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఇప్పుడు నిన్న నేను కళ్లతో చూసింది చెబుతున్నాను. మన కేంద్రంలో ఒకటిన్నర పెట్టె మాస్కులున్నాయి. జ్వరం చూసే మిషను ఒకటుంది, సరిగా పనిచేయడం లేదు. డాక్టరు మంచివాడు, పారిపోయే మనిషి కాదు. ఆ మాస్కులు అతనికీ, ఇద్దరు నర్సులకీ వదిలేద్దాం. మనవి మనం కుట్టుకుందాం. మిషను ఉన్నవాళ్లు, నూలుగుడ్డ ఉన్నవాళ్లు మా ఇంటికి రండి. సరుకులు ఎక్కువెక్కువ కొనకండి, పక్కింటివాళ్లకూ కావాలి. అంతే."

ఆ చివరి మాట ఎవరూ వినలేదు. మధ్యాహ్నానికి కిరాణా కొట్లో గుడ్లు, ఉప్పు, ఎండుచేపలు ఖాళీ. ఫాన్ అవ్వ మూడు బస్తాల జిగురుబియ్యం మోయించుకుంది, ఆమెది ఒంటరి కాపురం. ఇన్‌సోమ్ అక్క ఇంటిముందు నిలబడి, "నా కొంప ముంచావు. పైనుంచి ఫోను వస్తే నేనేం చెప్పాలి?" అని అరిచాడు. అక్క తల వంచుకుని విన్నది. ఆ రోజు సాయంత్రం ఆమె మొహం చూస్తే, చెప్పి తప్పు చేశానా అని తనలో తనే అడుగుతున్నట్టుంది. ఆ రాత్రి ఆమె వంట చెయ్యలేదు, నేనే అన్నం పంపాను.

ఆదివారం ఉదయం మొదటి మనిషి వచ్చింది, చంకలో గుడ్డల మూటతో. మధ్యాహ్నానికి అక్క వరండాలో ఏడు మిషన్లు. మా జిల్లాలో ఎక్కువ దొరికేది నీలిమందు వేసిన ముతక నూలు. దానితోనే కుట్టారు. రంగు గట్టిపడేదాకా ఉతకడానికి ఓపిక ఎవరికీ లేకపోయింది. సోమవారం నాటికి ఊరందరి మూతులూ నీలం. తూన్ నా కొట్టుకు వచ్చి మాస్కు తీస్తే, నవ్వు ఆపుకోలేక మా ఆయన గరిట పులుసులో వదిలేశాడు. తూన్ తన వంతుగా చేతులు కడుక్కోవడానికి గాటు సారా మూడు డబ్బాలు ఇచ్చాడు. ఆ డబ్బాల దగ్గర ఫాన్ అవ్వ కాపలా కూర్చుంది. బియ్యం బస్తాల్లో రెండింటిని ఆమే తిరిగి కొట్టుకు పంపించింది, మోసినవాళ్లను ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకుని. వాళ్లు అందరికీ చెప్పారు.

మంగళవారం జిల్లానుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. అక్కను ఆరోగ్య కేంద్రానికి పిలిపించారు. తోడు నేనూ వెళ్లాను.

"మీరు జనాన్ని భయపెట్టారు," అన్నాడాయన. గట్టిగా కాదు, అలసిపోయినట్టు అన్నాడు.

"వాళ్లు నాకంటే ముందే భయపడి ఉన్నారు సార్. రోజూ ఇంటికొచ్చి అడిగేవాళ్లు. ఇప్పుడు అడగడం మానేసి గుడ్డ తెస్తున్నారు."

"బీరువాలో ఏముందో బయటికి చెప్పే అధికారం మీకుందా?"

"లేదు సార్."

"మరి?"

"నేను చెప్పినదానికంటే ఎక్కువుంటే చెప్పండి సార్. శుక్రవారం మైకులోనే సరిదిద్దుకుంటాను."

ఆయన కంపోన్ వైపు చూశాడు. కంపోన్ నేల చూపులు చూస్తూ, "ఇవాళ్టికి ఒక పెట్టే ఉంది సార్," అన్నాడు.

ఆఫీసరు ఆ లెక్క తన డైరీలో రాసుకున్నాడు. వెళ్లేముందు, ఇకమీదట మైకులో ఊరిపెద్ద ఒక్కడే మాట్లాడాలని రాయించి అక్క చేత సంతకం పెట్టించాడు. అక్క మాస్కు కొలతల గురించి ఆయన్ని ఏదో అడిగింది. ఆయన జవాబు చెప్పి, ఆమె చూపించడానికి తెచ్చిన నీలి మాస్కు ఒకటి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

మైకు పోయినందుకు ఆమె బాధపడలేదంటే అబద్ధం. ఇన్‌సోమ్ చదివే ఆరోగ్యం సంగతులు వింటూ, అతను తప్పు పలికిన చోటల్లా పెదవులు కదిపేది.

నెలాఖరుకు బ్యాంకాక్‌లో కొట్లూ హోటళ్లూ మూసేశారు. అక్కడ పనికి పోయిన మా పిల్లలందరూ బస్సులెక్కి ఊళ్లకు బయలుదేరారు. అప్పుడొక మధ్యాహ్నం సేంగ్ మామ అక్క గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పదహారేళ్లలో ఆయన అటు రావడం నేను చూడలేదు.

"అమ్మాయ్, ఉన్నావా?"

ఆమె కుట్టు ఆపి బయటికి వచ్చింది.

"రేపు మా అమ్మాయి నోయ్ వస్తోంది. హోటల్లో పని ఆగిపోయిందట. దానికేమన్నా అయితే ఇక్కడివాళ్లు చూసుకోగలరా? కాగితంలో మాట వద్దు. నీకు తెలిసింది చెప్పు."

"మామూలు జ్వరమైతే చూసుకుంటారు మామా. ఊపిరాడకపోతే ఇక్కడ కుదరదు, పట్నం పెద్దాసుపత్రికి పోవాలి. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు. అదీ వేరేచోటికి పోకుండా ఉంటే."

"అంతేనా?"

"అంతే మామా."

ఆయన తల ఊపాడు. "మరి దాన్ని ఎక్కడుంచుదాం?"

ఇద్దరూ గేటుకు చెరోపక్క నిలబడి గంటసేపు మాట్లాడుకున్నారు. ఆయన పొలం గుడిసెలో మంచం, దోమతెర, ఫ్యాను వేశారు. పద్నాలుగు రోజులు నోయ్ అక్కడే ఉండాలని, తండ్రి అన్నం తెచ్చి గట్టుమీద పెట్టి వెనక్కి పోవాలని నిర్ణయం. కంపోన్ జ్వరం చూసే మిషనులో కొత్త బ్యాటరీలు వేసి ఇచ్చాడు. అక్క రోజూ రెండు పూటలా వెళ్లి జ్వరం చూసేది.

ఆరో రోజు నోయ్‌కి జ్వరం వచ్చింది, దగ్గు కూడా. అంబులెన్సు గంటా పది నిమిషాలకు వచ్చింది. దిగినవాళ్లు తలనుంచి కాళ్లదాకా తెల్లబట్టల్లో ఉన్నారు. వాళ్లను చూడగానే సేంగ్ మామ గట్టుమీద కూలబడ్డాడు. అక్క దూరంగా నిలబడే, "మామా, ఇటు చూడు. నడిచి ఎక్కుతోంది. నడిచి ఎక్కుతోంది చూడు," అంటూనే ఉంది, బండి తలుపు మూసేదాకా.

నోయ్ దగ్గరికి వెళ్లింది కాబట్టి అక్క కూడా ఇంట్లో తలుపేసుకుంది. నేను గిన్నె గేటుకు తగిలించి వచ్చేదాన్ని. రెండు రోజులు ఊళ్లో ఒకళ్లింటికి ఒకళ్లు పోలేదు. పరీక్ష ఫలితం రెండో రోజు సాయంత్రం వచ్చింది. కరోనా కాదు, మామూలు ఫ్లూ. కంపోన్ ఫోను చేసి చెప్పాడు. అక్క కిటికీలోంచి నాకు చెప్పి, సేంగ్ మామకు చెప్పి రమ్మంది. నేను వెళ్లేసరికి ఆయనకు అప్పటికే తెలుసు. గిన్నెలు తోముకుంటున్నాడు. తోమడం ఆపలేదు. ఆ తర్వాత మెల్లగా, "అది తిన్నదా?" అని అడిగాడు, అక్క గురించి.

ఆ ఏడాది మా ఊళ్లో ఎవరికీ ఆ జబ్బు రాలేదు. ఏప్రిల్ చివర్లో ఆరోగ్య కేంద్రానికి మాస్కుల అట్టపెట్టెలు ఎనిమిది వచ్చాయి. అప్పుడిక, ఊరికే భయపెట్టింది ఈ మనిషి అన్నవాళ్లు కొందరు ఉన్నారు. నా కొట్టులోనే అన్నారు, ఆమె ఎదుటే. అక్క కోపం తెచ్చుకోలేదు. "రాకపోవడం మంచిదే కదా," అని తినడం కొనసాగించింది. నీకు భయం వేయలేదా అని నేనొకసారి అడిగాను. "మైకు ముందు మొదట కాగితం తలకిందులుగా పట్టుకున్నాను. ఇన్‌సోమ్ అన్న చూశాడేమో, తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు," అంది.

నోయ్ ఆగస్టులో మళ్లీ బ్యాంకాక్ బస్సెక్కింది. హోటలు సగమే తెరిచారని, సగం జీతమేనని చెప్పింది. బస్టాండుకు తండ్రితోపాటు అక్క కూడా వెళ్లింది. వేయించిన పంది తోలు, పచ్చిమిరపకాయల పచ్చడి, వేడి జిగురన్నం బుట్ట ఇచ్చి, దారిలో ఎవరన్నా దగ్గితే సీటు మారమని చెప్పింది. బస్సు నిండా జనం, మారడానికి సీటే లేదు. నోయ్ కిటికీ తెరిచి కూర్చుంది. బస్సు మలుపు తిరిగాక సేంగ్ మామ, అక్క ఒకే మోటారు రిక్షా మాట్లాడుకుని, చెరో చివర కూర్చుని, ఊరికి తిరిగి వచ్చారు.