షెహాతా బాబాయి కమ్మీల బూట్లు

మా బాబాయి షెహాతాది అసలు జీనులు కుట్టే పని. ఈజిప్టులోని తాంతా ఊళ్లో, సయ్యద్ బదవీ మసీదు వెనక సందులో మా తాత పెట్టిన కొట్టు ఉండేది. లోపల అడుగు పెడితే తోలు, బొగ్గులు, బాబాయి రోజంతా తాగే నల్లటి తీపి టీ, మూడు వాసనలూ కలిసి ముక్కుకు తగిలేవి. ఎక్కడైనా కొత్త చెప్పుల దుకాణం ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ నా కాళ్లు అక్కడ కాసేపు ఆగిపోతాయి.

ఒక వేసవిలో ఒక పల్లెటూరి ఆవిడ కూతుర్ని చంకనేసుకుని ఆ కొట్టుకొచ్చింది. ఆ పిల్ల పేరు ఫిర్దౌస్. పోలియోతో కుడికాలు గుడ్డపీలికలా వేలాడుతోంది.

"ఉస్తా, గాడిద కాలు విరిగితే కట్టు కట్టి నిలబెడతావంట. నా బిడ్డనీ నిలబెట్టు" అంది. పనితనమున్న వాళ్లను మేం ఉస్తా అనే పిలుస్తాం.

"నేను తోలు కుట్టుకునేవాణ్ణమ్మా, డాక్టర్ని కాదు."

"డాక్టర్లందర్నీ చూసే వచ్చాను. నిలబెడతావా లేదా, అది చెప్పు."

కాలు నిలబడేలా రెండు పక్కలా ఇనప కమ్మీలు బిగించి బాబాయి చేసిన మొదటి బూటు మరీ బరువైపోయింది. పిల్ల బోర్లాపడి ఏడ్చింది. బాబాయి కమ్మీలు సన్నం చేశాడు, మోకాలి దగ్గర తోలుపట్టీ మార్చాడు. చివరికి ఒకరోజు ఫిర్దౌస్ గోడ పట్టుకుని లేచి నిలబడింది. గోడ వదిలేసింది. నేరుగా సందు చివరున్న వేయించిన శనగల బండి దగ్గరికి నడిచి వెళ్లి చెయ్యి చాచింది. వాళ్లమ్మ కొట్టు మెట్టు మీద కూలబడి తలముసుగు చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ కబురు ఊళ్లు తిరిగింది. ఏటా వేసవి దాటగానే కొత్త పిల్లలు వచ్చేవాళ్లు. పాతవాళ్లు ఎదిగిన కొద్దీ కొలతలు మార్పించుకోవడానికి వచ్చేవాళ్లు. జీనుల పని మూలపడింది. పండగనాడు కొత్త కమ్మీలు తొడుక్కున్న పిల్లలకు బాబాయి సందులో పరుగు పందాలు పెట్టేవాడు. ఆఖరున వచ్చినవాడికే ఎక్కువ హల్వా. దానికోసం అందరూ వెనకబడాలని చూడటం, తగువులు, నవ్వులు! ఆ సందు అంత సందడిగా మళ్లీ ఎన్నడూ లేదు.

నేను నర్సునై ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయంలో చేరి పోలియో చుక్కలు వెయ్యడం మొదలుపెట్టాను. మొదటిరోజు ఐసు పెట్టె భుజాన వేసుకుని కొట్టు ముందు నుంచి వెళ్తుంటే బాబాయి కేకేశాడు.

"ఇన్షిరాహ్! నా పొయ్యి ఆర్పడానికేనా నీకు ఉద్యోగమిచ్చింది?"

"ఆర్పేస్తా బాబాయ్, చూస్తూ ఉండు."

"ఆర్పు తల్లీ. మళ్లీ జీనులే కుట్టుకుంటా."

"గుర్రబ్బళ్లెక్కడున్నాయి ఇప్పుడు?"

"లేవు కదూ? సరే, అయినా ఆర్పు."

ఆర్పడం నేననుకున్నంత తేలిక కాలేదు. కరెంటు పోయేది, ఐసు కరిగేది, వేడికి మందు చచ్చిపోయేది. మందు బాగున్నా ఒకసారి వేస్తే కొందరికి పట్టేది కాదు. పక్క పేటలో అబ్దుత్తవ్వాబ్ అనే తాపీమేస్త్రీ కొడుక్కి నేనే చుక్కలు వేశాను. కొన్నాళ్లకు వాడికి కాలు పడిపోయింది. అతను పిల్లాణ్ణెత్తుకుని కొట్టుకొచ్చి సందంతా వినేలా అరిచాడు.

"అన్న కూతురు చుక్కలేస్తుంది, బాబాయి ఇనప బూట్లమ్ముతాడు. బాగుందయ్యా మీ ఇంటి వ్యాపారం!"

బాబాయి పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని కొలత తీసుకున్నాడు.

ఆ మాట పేటంతా పాకింది. తర్వాతి విడత చుక్కలకు వెళ్తే తలుపులు మొహం మీదే మూశారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు పొద్దున్నే బాబాయి కొట్టు మూసి, చిన్నపిల్లల కమ్మీలు రెండు జతలు భుజాన వేసుకుని నా వెంట బయల్దేరాడు.

మొదటి తలుపు ఉమ్మ్ హిలాల్‌ది, అంటే హిలాల్ వాళ్లమ్మది. "మీ ఇద్దరి నాటకం మాకు తెలుసులే. వద్దు, పొండి" అంది.

"వద్దంటే వద్దు తల్లీ. పిల్లాణ్ణోసారి ఇటియ్యి, కాలు కొలుచుకుంటా" అన్నాడు బాబాయి.

"ఎందుకూ?"

"ఇప్పుడే కొలుచుకుంటే తర్వాత కంగారుండదు."

"నీ నోట్లో మన్నుపడ!"

"పడనీ. ముందు దీన్ని పట్టుకు చూడు." కమ్మీల బూటు ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది నేను అమ్ముకునేది. ఈ పిల్ల ఇచ్చేది ఊరికే. నాకు వ్యాపారమే కావాలంటే నిన్ను తలుపేసుకోమనేవాణ్ణి కదా?"

ఆవిడ ఆ బరువు చేత్తో ఎత్తి చూసి, పిల్లాడి కాలి పక్కన పెట్టింది. తర్వాత నావైపు తిరిగి, "ఒకసారేస్తే సరిపోద్దా?" అంది.

"చాలదు వదినా, మళ్లీ మళ్లీ వస్తాను."

"రా అయితే" అంటూ పిల్లాడి నోరు తెరిచింది.

ఆ రోజంతా బాబాయి నా వెంట తిరిగాడు. ఆ తర్వాత ప్రతి విడతకూ వచ్చాడు.

క్రమంగా కొత్త పిల్లలు తగ్గారు. ఒక వేసవి గడిచిపోయింది, ఒక్కరూ రాలేదు. బాబాయి బడిసంచులు, చెప్పులు కుట్టుకుంటూ కాలక్షేపం చేసేవాడు.

"పిల్లలు రావట్లేదే" అన్నాడొకసారి.

"మంచిదే కదా బాబాయ్?"

"మంచిది కాదన్నానా? సందు మరీ మూగదైపోయిందంటున్నా."

నేను రిటైరయ్యాక, ఆయనకు తొంభై దగ్గరపడ్డ రోజుల్లో, మురుగునీళ్లలో మళ్లీ పోలియో క్రిమి కనిపించిందని టీవీలో చెప్పారు. బాబాయి తింటున్న చిక్కుడు గింజల ఫూల్ గిన్నె పక్కకు నెట్టేశాడు. పాత చుక్కల్లో ఉండేది బలం తీసేసిన క్రిమేననీ, చుక్కలు వేయించని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట అది ఒకరినుంచి ఒకరికి పాకి ఎప్పుడైనా బలం పుంజుకుంటుందనీ, అలా జరగడం కష్టమయ్యేలా కొత్త చుక్కలు తయారుచేశారనీ పక్కన కూర్చుని చెప్పాను.

"అంటే దానికి కళ్లెం గట్టిగా కుట్టారన్నమాట. తెంపుకోదంటావా?"

"తెంపుకోవడం చాలా కష్టమంటున్నారు. పోలియోకి సూదిమందు కూడా ఉంది, అందులో ఉండేది చచ్చిన క్రిమే కాబట్టి దానికా భయం లేదు. దాన్ని తయారుచెయ్యడానికి కూడా బతికున్న క్రిమిని పెంచాల్సిన పనిలేకుండా చెయ్యాలని చూస్తున్నారట."

"తొందరగా చెయ్యమను. నీలా నత్తనడక నడవొద్దని చెప్పు" అని ఫూల్ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

మరుసటి చలికాలం పోయాడు. ఆడవాళ్లం మేడ మీంచి చూస్తున్నాం. జుట్టు నెరిసిన ఫిర్దౌస్ నా భుజం పట్టుకుని నిలబడింది. మాలో మయ్యత్తును, అదే శవాన్ని, వేగంగా మోసుకెళ్తారు. ఆ రోజు సందు నిండా చంకకర్రలతో, కాళ్లకు కమ్మీలతో వచ్చిన మగాళ్లు, ఒకప్పుడు బాబాయి నడిపించిన పిల్లలే. కొంతదూరం వెళ్లేసరికి వెనకబడ్డారు.

"కాస్త ఆగండయ్యా, మేమూ వస్తాం!" అని వాళ్లలోంచి ఒకతను కేకేశాడు. అతను అబ్దుత్తవ్వాబ్ కొడుకు.

మోసేవాళ్లు ఆగారు. అందరూ కలుసుకున్నాక మెల్లగా కదిలారు.