పన్నెండు రవికలకు ఒకే కొలత

సమాజ సేవకు ఏం చదవాలని ఎవరైనా అడిగితే, నేనేం చదివానో చెప్పి భయపెడతాను. ఫస్టు క్లాసు పట్టా చేతపట్టుకుని, పన్నెండుమంది రవికలను ఒకే మధ్యాహ్నం తగలేసిన ఘనత నాది. నవ్వుకోండి, నాకేం కోపం రాదు.

అరవైల నాటి మాట. అబిడ్స్ సందులో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే ఒక సంఘంలో నా మొదటి ఉద్యోగం. ఇంకో వారంలో నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్, అందులో మాకో స్టాలు. మావాళ్లు పన్నెండుమందీ తాము కుట్టిన నీలం రవికలతో అక్కడ నిలబడాలి. చూసినవాళ్లు ఆర్డర్లిస్తేనే వాళ్లకు ఏడాదంతా పని. సుల్తాన్ బజార్ సేటు ఒకాయన గుడ్డ ఉచితంగా ఇచ్చాడు. కత్తిరింపు నేను నెత్తికెత్తుకున్నాను.

కాలేజీలో నాకు సర్వేలు నేర్పారు కదా! అందరి కొలతలూ తీసి, కూడి, పన్నెండుతో భాగించాను.

కుట్టు నేర్పే యాదమ్మ బడి మొహం చూడలేదు. నా కాగితం మాత్రం చూసింది.

"గిదేంది మేడం? ఎవరి కొల్త ఆల్లకు పెట్టాలె గద!"

"ఇది సగటు యాదమ్మా. అందరికీ న్యాయం."

"లచ్చవ్వ గంత లావుంది, పోశమ్మ గింత సన్నగుంది. ఇద్దరికీ ఒక్కటే రైకనా?"

"లెక్క ఎక్కడైనా తప్పుతుందా?"

యాదమ్మ గోడకు నేను తగిలించిన పట్టా వంక చూసి, "గట్లనే కానీయుండ్రి" అంది.

నుమాయిష్ రోజు పొద్దున లచ్చవ్వ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. పోశమ్మ రవికలో ఇంకో పోశమ్మకు చోటుంది. ఒక్కరికీ సరిపోలేదు.

"మరి మా ఆర్డర్లేంగావాలె?" అంది పోశమ్మ. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

యాదమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "జర గీ రైక తొడుక్కో బిడ్డా."

మేడం పోయి బిడ్డ వచ్చిందని గమనించారు కదా! తొడుక్కున్నాను. అచ్చం నాకోసమే కుట్టినట్టుంది. కుట్టులో మాత్రం వంక పెట్టడానికి లేదు.

ఆ సాయంత్రం స్టాలు ముందు బల్లెక్కి బొట్టూ కాటుకతో బొమ్మలా నిలబడ్డాను. "ఇటు తిరుగు బిడ్డా" అంటే ఇటు, "అటు" అంటే అటు. మూడో రోజుకు ఆర్డర్ల పుస్తకం నిండింది. ఎవరి కొలతలు వాళ్లవే, యాదమ్మ టేపుతో.

ఒక పెద్దావిడ నన్ను చూపిస్తూ, "ఈ పిల్ల గూడ మీ దగ్గర్నే నేర్చుకుంటుందా?" అని అడిగింది.

"ఔనమ్మా," అంది యాదమ్మ. "కాలేజి అయిపోయింది. ఇగ చదువు షురూ చేసినం."

కనుక, నా బీరువాలో మగ్గుతున్న పన్నెండు నీలం రవికల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో టేపు లేకుండా ఎవరికీ సేవ చేయను.