తొడిమెల కుప్ప, ఐదు చీటీలు

మాఘమాసం, మంగళవారం, పొద్దున పదింటికి పది నిమిషాలు తక్కువ. గంట ఇంత కచ్చితంగ ఎట్ల యాదున్నదంటే, గడియారం చూసుడు అప్పుడే కొత్తగ నేర్చుకున్న. అవసరం ఉన్నా లేకున్నా గంటకు పదిసార్లు చూస్తుంటి. ఆ రోజులల్ల నా వయసు అరవైకి దగ్గర, నా చదువు వయసు మాత్రం ఏడాది. అందరు పడుచుతనంల చేసిన పిచ్చిపనులు రాసుకుంటరు. నా పడుచుతనమంత మిరపతోటలల్ల వంగి కాయ ఏరుడుతోనే పోయింది, పిచ్చిపని చేసెతందుకు తీరిక దొరకలే. అందుకే ఆ ముచ్చట జర ఆలస్యంగ, నెరిసిన ఎంటికెలతోని తీర్చుకున్న. అంగన్‌వాడీల టీచరమ్మ దగ్గర, ముక్కు కారే పిల్లల పక్కన కూసోని అక్షరాలు దిద్దిన (పిల్లలకిచ్చే గుడ్డు నాకియ్యలే. అడిగిన. రూల్ లేదన్నది). రాసుడు వచ్చినంక కనబడ్డ దానిమీదల్ల రాసిన. పప్పు డబ్బా మీద పప్పు అని, తలుపు మీద తలుపు అని. మా ఆయన "ఇగ నా నొసటి మీద గూడ మొగడు అని రాయి, మర్చిపోతవేమో" అనేటోడు.

గసొంటప్పుడు మా నర్సింహులపేట దిక్కుకు పట్నం నుంచి ఒక బిడ్డ వచ్చింది. పెద్ద కాలేజీల పరిశోధన చేస్తదట. మందపు అద్దాలు పెట్టుకునేది గనుక అందరం అద్దాల బిడ్డ అనేటోళ్లం. ఆమెకు మిరపకాయ వద్దట, తొడిమెలు కావాలెనట. మేము ఎండిన కాయకు తొడిమె తీసి పెంటకుప్ప మీద పారబోస్తం. ఆ తొడిమెలల్ల రోగాలను ఆపే గుణం ఏదో ఉన్నదని, దాన్ని బయటికి తీసి మందుబిళ్లలల్ల, తినే వస్తువులల్ల కలపొచ్చని ఆమె విడమరిచి చెప్పింది. మా ఏరాలు, అంటే మా మరిది పెండ్లాం, నోరు తెరిచింది. "ఇన్నేండ్లు ఆరోగ్యాన్ని పెంటల పోసి, కారాన్ని నోట్లె పోసుకున్నమా అక్కా?" అన్నది.

ఐదు చేన్లు ఎంచుకున్నరు. ఐదుగురు ఆడోళ్లం. ఎవరి చేను తొడిమెలు వాళ్లు విడిగ సంచిల పోయాలె. సంచికొక చీటీ కట్టి, ఇది ఫలానా చేనుదే, వేరేది కలవలేదు అని రాసి సంతకం పెట్టాలె. పరీక్షల మంచిగ తేలితే తొడిమెలు ఎండబెట్టి పొడి చేసే షెడ్డు మా ఊర్లె పెడతమన్నరు. ఏడాది పొడుగూత పని. మిరప అయిపోంగనే కూలికి ఊర్లు పట్టుకొని తిరిగే బాధ తప్పుతదని మాకందరికి అదే ఆశ. పద్ధతంత రాసి ఉన్నదని అద్దాల బిడ్డ రెండు పేజీల కాగితం ఇచ్చింది. "మీలో ఎవరికి చదవడం వచ్చు?" అనేలోపట నేనే చేయి చాపిన. చిన్నచిన్న అక్షరాలు, చీమల బారు లెక్క ఉండె. నాకు వచ్చింది పెద్దక్షరాలు. చదివినట్టు రెండుసార్లు తలూపి, మడిచి, బొడ్ల చెక్కుకున్న.

ఇగ ఆ మంగళవారం ముచ్చట. పదకొండింటికి సంచుల కోసం అద్దాల బిడ్డ జీపు వస్తదన్నరు. అందరు సంచులు పట్టుకొని మా కల్లంలకు వచ్చిన్రు. మా ఐదుగురిల పక్క లంబాడి తండా ఆమెను తండా చెల్లె అంటం, ఆమె మాత్రం కంచె కాడనే ఆగిపోయింది. ఆ ఏడు నల్ల తామర పురుగు తోటలను ఊడ్చింది గని, ఆమెది మరీ అధ్వానం. దుకాణపోడు ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా కొట్టింది పాపం. తొడిమెలు మూట ఇప్పకముందే మందు వాసన కొడుతున్నది.

"నాది పరీక్షల నిలువదక్కా. మీరు నలుగురు ఇయ్యుండ్రి" అన్నది.

"నువ్వేం చేస్తవే మరి?" అని అడిగిన.

"ఏమున్నది, ఇద్దరు ఆడపిల్లలను మా యాడి దగ్గర ఇడిసిపెట్టి మళ్ల పట్నం పోత. వాళ్ల నాయిన ఆడనే సెంట్రింగ్ పనిల ఉన్నడు గదా." యాడి అంటే వాళ్ల తండా భాషల తల్లి. పోయిన ఏడు గట్లనే పోతే చిన్నపిల్ల తల్లిని గుర్తుపట్టలేదని అంతకుముందే చెప్పి ఏడ్చింది.

మా దిక్కు మిరప ఏరే గుంపుల ఎవరి కాయ వాళ్లకు విడిగ ఉండది. ముసలిది ఏరినా, పడుచుది ఏరినా, కడుపుతోని ఉన్నది ఏరినా ఒక్కటే కుప్ప, కూలి సమానం. నలబై ఏండ్లు ఆ లెక్కల బతికినదాన్ని, నాకు వేరే లెక్క ఎట్ల తోస్తది? "కలుపుదాం" అన్న.

మా వాడకట్టుల వార్తలు మోసే ఆమెను రేడియో అంటం. ఆమె ఎంటనే అందుకున్నది. "కలిపితే ఎవలు కనిపెడతరక్కా? తొడిమె మీద పేరు రాసుంటదా?" అన్నది. ట్రాక్టరోళ్ల కోడలు మూతి ముడిచింది. అందరికంటె మంచి తోట ఆమెది. అయినా తండా చెల్లె దిక్కు ఒకసారి చూసి, సంచి బోర్లిచ్చింది. మా ఏరాలుకే భయం. "కలవలేదని చీటీ మీద రాయాలె గదా అక్కా?"

"రాసేది నేను. నువ్వు కలుపు."

టార్పాలిన్ పరిచి ఐదు సంచులు కుమ్మరిచ్చి చేతులతోని కలుపుతున్నం, అప్పుడే గాలి మర్లింది. కారం ఘాటు మొత్తం మా మొఖాలకే కొట్టింది. తుమ్ములే తుమ్ములు. కండ్లల్ల, ముక్కులల్ల నీళ్లు. ఎట్లనో మళ్ల ఐదు సంచులు నింపి టార్పాలిన్ మడిచినమో లేదో, జీపు గంట ముందుగాలనే వచ్చి నిలబడ్డది. గడియారం చూస్తె పదింటికి పది నిమిషాలు తక్కువ. అద్దాల బిడ్డ దిగి, ఐదుగురం కొంగులు అడ్డం పెట్టుకొని ఏడుస్తుంటే చూసి తెల్లబోయింది. "అయ్యో అవ్వా, ఎవరైనా పోయారా?"

రేడియో ముక్కు చీది, "ఎవలు పోలే బిడ్డా, నువ్వొచ్చినవని సంబురం" అన్నది.

ఆ పిచ్చిది నమ్మింది! అద్దాలు తీసి తుడుచుకొని, "నా కోసం ఇంతగా ఎవరూ ఎదురుచూడలేదు" అన్నది. ఆమె కండ్లల్ల గూడ నీళ్లు వచ్చినయి (అవి సంతోషానివో, కారానివో ఇప్పటికీ నాకు తెల్వది). మిగిలిన నలుగురికి రాసుడు రాదు గనుక, ఆమె ముందలనే కూసోని ఐదు చీటీలు నేనే రాసిన, ఐదు సంతకాలు పెట్టిన. మొదటిది వంకర పోయింది. ఐదోదానికి చేయి కుదిరి ముత్యం లెక్క వచ్చింది. "అవ్వా, ఎంత బాగా రాస్తున్నారు!" అన్నది. నేను పొంగిపోయిన.

నెల తర్వాత అద్దాల బిడ్డ, ఆమె పెద్దసారు కలిసి వచ్చిన్రు. సారు కూసోకుండనే అడిగిండు. "ఐదు చేలు, ఐదు నేలలు. ఐదింట్లో గుణం సమానం, పురుగుమందు విషం కూడా సమానం. ఎక్కడైనా ఉంటుందా అమ్మా?" ఒక్క సంచిల ఉండాల్సిన విషాన్ని మేము ఐదింటికి పంచినం.

"కలిపినం సారు. తండా చెల్లెను తీసేస్తరని."

అద్దాల బిడ్డ తల పట్టుకున్నది. "తీసేయము అవ్వా! మందు ఎక్కువున్న చేనుకు వచ్చే ఏడు మందు లేకుండా పండించడం మేమే నేర్పిస్తాం, షెడ్డులో పని అందరికీ ఇస్తాం అని కాగితంలో రాశాను కదా. మీరు చదివారు కదా?"

నా బొడ్ల ఆ కాగితం అప్పటికే చెమటకు నాని ముద్దయింది.

"కలిపినప్పుడు ఎవరెవరున్నారు?" అని సారు అడిగిండు. ఎనుకకు తిరిగి చూసిన. ఇంతసేపు నా భుజం మీద ఊపిరి ఇడిసినోళ్లు ఒక్కలు లేరు. "నేనొక్కదాన్నే సారు" అన్న. షెడ్డు టేకుమట్ల దిక్కు పోయింది. "నా ఏడాది పోయింది అవ్వా" అని అద్దాల బిడ్డ జీపు ఎక్కింది. ఈసారి ఏడువలే. ఆ వారమే తండా చెల్లె పిల్లలను ఇడిసి పట్నం పోయింది. నాకు చెప్పి పోలే. వేలిముద్ర ఏసినన్నేండ్లు నేను ఒక్క అబద్ధం రాయలే. అక్షరం వచ్చిన ఏడాదికే ఐదు రాసిన, ఐదింటి కింద సంతకం పెట్టిన.

మొన్న ఒక పెండ్లిల బంతిల కూసుంటే, ఎనుక వరుసల ఇదే ముచ్చట. ట్రాక్టరోళ్ల కోడలు ఆనాడు తల్లిగారింట్ల ఉన్నదట. రేడియోకు జ్వరమట. మా ఏరాలు స్టేషన్ ఘన్‌పూర్‌ల బస్సు కోసం నిలబడ్డదట. "అంత మా అక్కనే చేసింది, జర చదువు వచ్చిందని మిడిసిపడ్డది" అన్నది. తండా చెల్లె మాత్రం ఏమనలే, అనెతందుకు ఆమె ఊర్లె లేదు. నాకు కోపం లేదని రాస్తె ఇది ఆరో అబద్ధమైతది. కోపం ఉన్నది. గని ఆ అరవై ఏండ్ల పిచ్చిదాన్ని తలుచుకుంటే నవ్వు గూడ వస్తది. తండా చెల్లె మళ్ల కంచె కాడ అట్ల ఆగిపోతె, నేను ఇప్పటికీ కలుపుదామనే అంటనేమో. సంతకం మాత్రం పెట్ట.

సారు అడిగిన దానికి ఇప్పుడు జవాబు రాస్తున్న. ఆ మంగళవారం ఆ టార్పాలిన్ చుట్టు ఉన్నోళ్లు: మంచి సంచి బోర్లిచ్చిన ట్రాక్టరోళ్ల కోడలు. సంబురమని చెప్పిన రేడియో. రెండు చేతులతోని కలిపిన మా ఏరాలు. అందరికంటె ఆఖరుకు తన మూట ఇప్పిన తండా చెల్లె. నేను.