నేను తీసేసిన వాక్యం

నాలుగేళ్లుగా ఒక వాక్యం బరువు మోస్తున్నాను. అది ఇప్పుడు ఎక్కడా లేదు. లేకుండా చేసింది నేనే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్ని, ఆ డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "తలనొప్పి" అని ఒక్క మాట రాసి మూసేశాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చెన్నైలో వాషర్‌మెన్‌పేట్. కార్పొరేషన్ ఎన్నికలప్పుడు పేరు పెట్టకుండా తమిళంలో ఒక బ్లాగు రాసేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేని నాకు అక్కడ మాత్రం మాటలు తడుముకోకుండా వచ్చేవి. మా వార్డులో నిలబడ్డ ఒక టీచరమ్మ కోసం రాశాను. ఆమెను అందరూ అక్కా అనేవారు. మా ఇంట్లోలాగే వాళ్లింట్లోనూ తెలుగే. ఒక సాయంత్రం మార్కెట్ వీధిలో ఆమె మాట్లాడుతుంటే గుంపు వెనక నిలబడి రాసుకున్నాను: "వేరే చోటు చూపించకుండా ఈ ప్లాట్‌ఫారం మీద ఒక్క అంగడిని కూడా కదలనివ్వను." దాన్నే పోస్టులో పెట్టాను. ఆ ప్లాట్‌ఫారం మీదే, అంటే రోడ్డు పక్క ఫుట్‌పాత్ మీదే, రవిక గుడ్డలు పరిచి అమ్మే సరోజత్తకు, ఎవరో రాశారని చెప్పి, తెలుగులో చదివి వినిపించాను. అత్తకు చదువు రాదు. ఆ ఒక్క మాట నమ్మి ఇంట్లో ఓట్లన్నీ అక్కకే వేయించింది.

అక్క గెలిచింది. ఏడాది తిరక్కుండానే ప్లాట్‌ఫారం ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. వేరే చోటు ఊసే లేదు. అత్త మా గుమ్మంలోకి వచ్చింది.

"పాపా, ఆ పొద్దు చదివినావే, అది కాగితం మీద తీసి ఈయవా? రేపు వార్డు ఆఫీసులో మీటింగ్ ఉండాది. నువ్వే వచ్చి చదవాల, సరియా?"

సరేనన్నాను. లోపలికి వెళ్లి బ్లాగు తెరిచి ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాను. అక్క నన్నేమీ అడగలేదు. రాస్తున్నది నేనని కూడా ఆమెకు తెలియదు. మరి దాన్నెందుకు తీసేశాను? ఆమెను మాట తప్పిన మనిషి అంటారని, నేను రాసిందే చూపించి అంటారని భయపడ్డాననీ, అది విశ్వాసమేననీ చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నాలాగే తమ మనిషి కోసం రాసినవాళ్లు కొందరు ఎన్నికల తర్వాత మౌనంగా ఉండిపోయారు. మౌనమైనా నయం. నేను కాపాడుకున్నది అక్కను కాదు. ఈమెను నమ్మండి అని వారాల తరబడి రాసిన నన్ను నేనే కాపాడుకున్నాను. వాక్యం తీసేశాను. అలా తీసేస్తే గుర్తేమీ మిగలదు, పైన పాత తేదీయే ఉంటుంది. ఆ తర్వాతే ప్రింటు తీశాను.

మర్నాడు వార్డు ఆఫీసులో అత్త ఆ కాగితాన్ని జెండాలా పైకెత్తింది.

"నువ్వు మాటిచ్చినావక్కా. ఈడ రాసిండారు. చదువు పాపా. గట్టిగా చదువు, నీ గొంతు నీకే వినపడదు."

కొందరు నవ్వారు. మొదటి నుంచి చివరి దాకా చదివాను. వీధి దీపాల గురించి ఉంది, కాలువ పూడిక గురించి ఉంది. అంతే.

"ఇంకో తూరి చదువు. ఆడేదో దాటేసినావు."

ఇంకోసారి చదివాను.

"ఏమ్మా, కలలో విన్నావా?" అన్నాడు ఆఫీసు మనిషి ఒకడు.

అక్క నవ్వలేదు. అతణ్ని ఆపి, అత్త వైపు వంగింది. "దినానికి పది వీధుల్లో మాట్లాడినాను సరోజా. యాడ ఏం చెప్పినానో నాకే గ్యాపకం లేదు. అట్ట చెప్పినట్టు ఒక్క ముక్క చూపించు, నేనే కమిషనర్ కాడికి పోయి నిలబడతా."

కాగితం నా చేతిలోనే ఉంది. నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు.

అత్త కాగితం వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. "నేనే తప్పుగా వినిండాను. ఏమీ అనుకోబాక అక్కా," అంది.

వారం లోపే లారీ వచ్చి బల్లలూ టార్పాలిన్ పట్టాలూ ఎత్తుకెళ్లింది. వాక్యం ఉండి ఉంటే అక్క నిజంగా వెళ్లి నిలబడేదా? నిలబడేదేమో. ఆ "ఏమో" నన్ను వదలదు.

అత్త ఇప్పుడు మూట భుజాన వేసుకుని మాధవరం దాకా ఇల్లిల్లూ తిరుగుతుంది. నన్ను వెంటాడేది ఆ మూట ఒక్కటే కాదు. ఆ రోజు నుంచి ఆమె ఏది విన్నా రెండోసారి అడుగుతుంది. బస్సు నంబరు, డాక్టరు చెప్పిన మాట, కూతురు ఫోన్లో చెప్పిన కబురు. "నా చెవుల్ని నమ్మేదానికి లేదు పాపా, నువ్వు చెప్పు," అంటుంది. నన్నే అడుగుతుంది. నేను చెబుతాను.

రేపు వెళ్లి ఆమెకు నిజం చెబుతానని మీకు మాటివ్వను. అంత ధైర్యం నాకుందో లేదో తెలియదు. క్షమించమనీ అడగటం లేదు. ఇది రాస్తుంటే కొంచెం తేలికగా ఉంది. ఆ తేలికకు కూడా సిగ్గుగానే ఉంది. కానీ ఎక్కడో ఒకచోట ఇది రాసి ఉండాలి. అక్క ఆ మాట అంది. నేను దాన్ని రాశాను, నేనే తీసేశాను. సరోజత్త సరిగ్గానే విన్నది.