గొలుసులకు సెలవిచ్చిన దసరా

కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంట్ కింద దసరా పొద్దున బండ్లు కడిగి బంతిపూల దండలు వేస్తే, గ్రీజు వాసనా పూల వాసనా కలిసి మా మూడో అంతస్తు దాకా వస్తాయి. అందరికీ అది పండుగ వాసన. నేను మాత్రం కిటికీలు మూసేస్తాను.

మా చిన్నాయన మల్లేశం ట్రాక్టర్ నడిపేవాడు. పటాన్‌చెరు షెడ్లలో చేసిన ఇనుప ట్యాంకులను వెనక తగిలించిన డబ్బా మీద గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలకు చేర్చడం ఆయన పని. వానాకాలపు బురదలోనైనా, ఇనుము ముట్టుకుంటే బొబ్బలెక్కే ఎండల్లోనైనా, ట్యాంకు కింద చెక్క దిమ్మలు బిగించి, ముందూ వెనకా గొలుసులు వేసి, రాడ్డుతో మెలిపెట్టి, పైకెక్కి భుజంతో ఒక్క తోపు తోసి చూస్తేగానీ బండి కదిలించేవాడు కాదు. కొంత దూరం పోయాక ఆగి మళ్లీ బిగించేవాడు.

"ఏందిర, పెండ్లిపిల్లను తోల్కపోతున్నవా?" అని తోటి డ్రైవర్లు ఆటపట్టించేవాళ్లు.

"పెండ్లిపిల్ల అలిగితె పుట్టింటికి పోతది. ఇది అలిగితె నా మీదికొస్తది" అని నవ్వేవాడు.

దసరానాడు ఆ గొలుసులను నాయనమ్మ చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు పేర్చేది. ఏడాదంతా మోసిన ఇనుముకు ఆ ఒక్క రోజు సెలవు. తెల్లారేదాకా ఎవరూ ముట్టకూడదు. నా చిన్నప్పుడొక దసరాకు ఇల్లంతా గారెల వాసన, బగారన్నం ఘుమఘుమ. మధ్యాహ్నం షెడ్డు మనిషి పరుగున వచ్చాడు, ఫ్యాక్టరీలో పని ఆగిపోయిందని, ట్యాంకు జల్దీ చేర్చాలని. చిన్నాయన పూజ ముందు నిలబడి గొలుసుల వైపు చెయ్యి చాచాడు.

"పూజల వెట్టినయి తీస్తరార? కీడు బిడ్డా. తాళ్లున్నయి గద" అంది నాయనమ్మ.

తల్లి మాట ఎన్నడూ దాటని మనిషి. "సరే తియ్య గని, జమ్మికి పోయే యాల్లకు వస్త" అని, నోట్లో ఓ గారె వేసుకుని, నైలాన్ తాళ్లు భుజాన వేసుకుని వెళ్లాడు.

మలుపులో బర్రె అడ్డమొచ్చింది. బ్రేకు వేశాడు. తాళ్లు పటపటా తెగి, ట్యాంకు ముందుకు జారి ఆయన కూర్చున్న సీటు మీద పడింది. మేం పిల్లలం బంగారమని పంచే జమ్మి ఆకులు పట్టుకుని, చిన్నాయన చేతిలోనే ముందు ఆ బంగారం పెట్టాలని పోట్లాడుకుంటూ గడపలో కూర్చున్నాం. కబురు విని పరుగెత్తిన నాయన ఒక్కడే తిరిగొచ్చాడు.

"కీడని నేనే ఆపిన. నేనే కీడైన" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది. మా ఇంట్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే ఆ తల్లికి కాస్త తేలికయ్యేదేమో!

ఆ తర్వాత ప్రతి దసరాకు ఆమె రోడ్డు మీదికి పోయి, బరువుతో వచ్చిన ప్రతి ట్రాక్టర్‌కూ చెయ్యి అడ్డం పెట్టేది. "గొలుసు ఏసినవా కొడుకా?" అని అడిగేది. కొందరు విసుక్కునేవాళ్లు, కొందరు దిగి ఆమె ముందే బిగించుకుని పోయేవాళ్లు.

నాయనమ్మ పోయింది. మా వాకిలి రోడ్డు వెడల్పులో పోయింది. పండుగపూట కూడా పెద్ద పెద్ద ట్రైలర్లు ఆగకుండా పోతున్నాయి, కొన్నింటికి బెల్టులు, కొన్నింటికి ఒట్టి తాళ్లు. ఏటా దసరాకు ఆ రోడ్డు పక్కన నిలబడతాను. ఒక్కరినైనా ఆపి అడగాలనుకుంటాను. చెయ్యి సగం లేపేసరికి బండి దాటిపోతుంది.