అంబులెన్స్ తాళాలు

పెళ్లైన కొత్తలో మావారు గాజువాకలో ఒక ఆసుపత్రి అంబులెన్స్ నడిపేవారు. లైసెన్సు రెన్యువల్‌కి డాక్టరు సర్టిఫికెట్ కోసం వెళ్తుంటే, మోకాలి నొప్పి చూపించుకుంటానని అత్తయ్య, తోడుగా నేనూ వెళ్లాం.

"ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా?" అన్నారు డాక్టరు.

మావారు లేదన్నారు. అత్తయ్య గర్వంగా అందుకుంది.

"మావోడికి ఏ రోగమూ నేదు బాబూ. గాలి సోకి పడి కొట్టుకుంటాడు గానీ, సేతిలో తాళాలెడితే లేసి కూకుంటాడు. మొన్నా అంతే."

"ఫిట్సంటే అదేనమ్మా. ఇక ఇతను బండి నడపకూడదు."

మావారి మొహం పాలిపోయింది. మళ్లీ గాలి సోకిందనుకుని అత్తయ్య, బల్ల మీదున్న అంబులెన్స్ తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టేసింది. వేళ్లు విప్పి వాటిని తీసుకోవడం నా వంతైంది.

మాత్రలతో జబ్బు తగ్గింది. సైరన్ వినిపిస్తే మాత్రం ఇప్పటికీ ఆయన గుప్పిట బిగుసుకుంటుంది.