మొరగని కుక్కకు నా వకాల్తా

మే నెల. మధ్యాహ్నం రెండుంబావుకు రేషన్ ట్రక్కు నన్ను ఎడారి పోస్టులో దింపింది. సెలవు నుంచి నేరుగా కొత్త డ్యూటీకి వచ్చాను. వెంట ఒక ట్రంకు, ఒక బిస్తరు చుట్ట, ఒక కుక్క. మొదటి రెండింటికీ కాగితాలున్నాయి.

పోస్టంటే కోట అనుకోకండి. ఇసుక దిబ్బ, దాని మీద ఇసుక బస్తాల గోడ, రెండు బంకర్లు, ఒక నీళ్ల ట్యాంకు, ఏడుగురం. పడమర నాలుగు కిలోమీటర్లలో సరిహద్దు. నీడలో నలభై ఆరు డిగ్రీలు. ఆ నీడ కూడా సీనియారిటీ ప్రకారమే. మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు. కుక్క తాగేది నా వాటాలోంచి.

యుద్ధమైపోయి అప్పటికి కొన్నేళ్లు. అయినా మా ఊరు నాందేడ్‌లో జనం నన్ను ఇప్పటికీ అడుగుతారు, ఎంతమందిని కాల్చావని. కాల్చింది లేదు. ఒక కాల్పును ఆపడానికి కొట్లాడింది మాత్రం ఉంది. అదే రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి, అదీ మరాఠీ బడి. తెలుగు రాయడం మా ఆవిడ నేర్పింది. తప్పులుంటే ఆమెవి.

కుక్కది కార్వానీ జాతి. మా ముఖేడ్ వైపు తండాల్లో కుందేళ్ల వేటకు పెంచుతారు. సన్నటి మూతి, పొడుగు కాళ్లు, దూరం నుంచే లెక్కపెట్టగలిగే పక్కటెముకలు. మొరగదు. కొత్తవాళ్లు తల మీద చెయ్యి వేస్తే పళ్లు చూపిస్తుంది, కరవదు. పిలిస్తే పలకదు, పని పడితే లేస్తుంది, మన గంజి బజారులో సేఠ్‌ల మాదిరి. ఊళ్లో దీన్ని దొంగల కుక్క అంటారు, లేకపోతే కడుపు మాడిన కుక్క అంటారు.

పోస్టులో వైర్‌లెస్ ఆపరేటరు నిజామాబాద్ మనిషి. దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

“ఏందిరా గిది? కుక్కనా, కుక్క ఎక్స్‌రేనా?”

“కార్వానీ అన్నా.”

“నాందేడ్‌ల కూడు లేదా? పుల్ల లెక్కున్నది.”

ఆ రోజు నుంచి దాని పేరు పుల్ల.

పోస్టు కమాండరు హవల్దారుది దెగ్లూర్. “మొరగని కుక్క ఎందుకురా? సంత్రీ నిద్రవోతే ఎవలు లేపాలె?” అన్నాడు.

“అది నిలవడ్తది సాబ్. మనం దాన్ని చూడాలె.”

“అంటే కుక్క మీద ఇంకో సంత్రీని పెట్టాలన్నట్టు.”

జూన్ మొదటి వారంలో వైర్‌లెస్‌లో ఆర్డరు వచ్చింది. దక్షిణాన ఒక పోస్టులో పిచ్చికుక్క జవానును కరిచింది. కనుక పోస్టుల్లో ఉన్న బక్క, రోగిష్టి కుక్కలన్నిటినీ కాల్చేయాలి. పదిహేను రోజుల్లోపు కెప్టెన్ తనిఖీకి వస్తారు. ఏ రోజో చెప్పరు.

వంటవాడు ధైర్యం చెప్పాడు. “పది దినాలు నాకియ్యి. బర్రె లెక్క జేస్త.” డాల్డా పూసిన రొట్టెలు పెట్టాడు. పుల్ల తిన్నది, తెల్లవారి దిబ్బ చుట్టూ పరుగెత్తి మళ్లీ పుల్లే అయింది. రెండో వారానికి వంటవాడు చిక్కాడు.

నేను ఆర్డరు వచ్చిన రోజే ఒక్కొక్కరిని పట్టుకుని చెప్పాను. తండావాళ్ల లెక్క ప్రకారం దాని నడుం ఎముకల నడుమ వేళ్లు పెట్టించాను. మూడు వేళ్లు పడితే జాతి, నాలుగు పడితే ఆకలి. వేళ్లు పెట్టారు, మూడే పట్టాయి, అయినా పాపం అన్నారు. దాంతో ఒక నోటుబుక్కు తీశాను. పుల్ల ఎప్పుడు నిలబడింది, ఎటు చూసింది, ఆ తర్వాత ఏమొచ్చింది. ఉదయం 5:50, ఉత్తరం, మేకలు. 11:20, తూర్పు, రేషన్ ట్రక్కు. సాయంత్రం 6:05, పడమర, నక్క. పన్నెండు రోజుల్లో ముప్పై ఒక్కసారి. శత్రువు, సున్నా.

పదమూడో రోజు సాయంత్రం 4:10. పుల్ల లేచి ఆగ్నేయానికి మెడ చాపింది. దుర్బిణీలో ఏమీ లేదు. 4:14కు దుమ్ము లేచింది. రేషన్ రోజు కాదు. హవల్దారు దుమ్మును చూశాడు, కుక్కను చూశాడు.

“బట్టలు తొడుక్కోండ్రిరా.”

4:27కు కెప్టెన్ జీపు దిగేసరికి ఏడుగురం గడ్డాలు గీసుకుని వరసలో ఉన్నాం.

ఆయన సంతోషించలేదు. అంతకుముందు మూడు పోస్టుల్లో జనం లుంగీల మీద దొరికారట. ఇక్కడ బూట్లు మెరుస్తున్నాయి. ఆయన చూపు వైర్‌లెస్ సెట్టు మీద పడింది.

“నేను వస్తున్నట్టు ఎవరు చెప్పారు?”

ముందుగా కబురందిందని తేలితే ఆపరేటరు ర్యాంకు పట్టీలు ఊడతాయి. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

“కుక్క చెప్పింది సర్.”

నా సర్వీసులో నేను నిజం చెప్పిన ఆ ఒక్కసారీ అందరూ తమాషా అనుకున్నారు.

“అది మొరగనే లేదు.”

“మొరగదు సర్. నిలబడుతుంది.”

నోటుబుక్కు ఇచ్చాను. మరాఠీ అక్షరాలు హిందీవే కాబట్టి చదవగలిగాడు. మూడు పేజీలు నిలబడే చదివి, “చూద్దాం” అని జీపెక్కి దక్షిణపు దిబ్బల వెనక్కి వెళ్లిపోయాడు. ఎటునుంచి తిరిగి వస్తాడో ఎవరికీ తెలియదు.

“అది గిట్లనే పండుకుంటే రేపు పొద్దుగాల నువ్వే కాల్చాలె,” అన్నాడు హవల్దారు.

“ఎర్కే సాబ్.”

పుల్ల పడుకునే ఉంది. ఇరవై నిమిషాలు. 5:12కు లేచి ఉత్తరం చూసింది. జీపు పోయింది దక్షిణానికి.

“ముంచింది,” అన్నాడు ఆపరేటరు.

5:19కి ఉత్తరపు దిబ్బ మీద జీపు ముక్కు కనిపించింది.

కెప్టెన్ బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. పక్కనుంచి చదివాను. ‘కుక్క ఒకటి. బక్క. పుట్టుకతో. పోస్టులోనే ఉండాలి.’

ఫిబ్రవరిలో నా సర్వీసుకు పదిహేనేళ్లు నిండాయి. మా బదులు వేరే రెజిమెంటు వచ్చింది. పుల్లను వెంట తీసుకుపోతానంటే హవల్దారు ఆ కాగితం చూపించాడు. రాతపూర్వకంగా అది పోస్టు సామాను. నా వకాల్తా అంత బాగా పనిచేసింది.

అప్పగింతకు నలభై నిమిషాలు. కొత్త సంత్రీ గుబురు మీసాలాయన. దానికి తిండి పెట్టరా అని నవ్వాడు. మూడు వేళ్ల లెక్క చెప్పాను. తల ముట్టొద్దన్నాను. నిలబడితే అటు చూడమన్నాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. 7:30కు ట్రక్కు కదిలింది.

నాలుగో రోజు నాందేడ్‌లో దిగాను. నెల తిరక్కుండా బట్టల దుకాణంలో పనికి కుదిరాను. ఎడారి సంగతులు చాలా మరిచిపోయాను, రైఫిలు నంబరుతో సహా. ట్రక్కు వెనక పలక మీదినుంచి చూసింది మాత్రం పోలేదు. పుల్ల ఇసుక బస్తాల మీద నిలబడి మా వైపు మెడ చాపింది. కొత్త సంత్రీ దాన్ని ఒకసారి చూశాడు. నవ్వు ఆపాడు. దుర్బిణీ ఎత్తి, మేం దిబ్బ దాటేదాకా మమ్మల్నే చూశాడు.